బుంగ కడుపు

పొద్దున్నే పాలచెంబు కడుగుతున్న అత్తగారికి కొట్టంలోంచి తవుడు వాసన తగిలింది. అంతే, చెంబు అక్కడే పడేసి కొంగు బిగించింది.

"మళ్ళీ పెట్టావా దానికి? వద్దన్నానా లేదా?"

కొట్టంలోంచి బయటికొస్తున్న కోడలు ఖాళీ గంపను వీపు వెనక దాచుకుంది. దాచడం కూడా చేతకాదు ఆ పిల్లకి, గడ్డం నిండా తవుడే. "రాత్రంతా అరిచింది అత్తయ్యా. ఆకలేమోనని..."

"ఆకలా! ఆ పొట్ట చూడు. ఇంకా ఎదకే రాని పెయ్య, చుక్క పాలివ్వదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. ఇవాళ బేరగాడు వస్తాడు, తోలేస్తాం. పీడా పోతుంది."

ఆ పెయ్యని ఇంటిల్లిపాదీ బుంగ అనేవారు. ఈమధ్య ఆ పేరు మరీ నిజమైపోయింది. అదంతా కోడలి గారాబమేనని తేల్చేసి, అత్తగారు దాణా సగానికి కోసేసింది.

ఎన్నడూ ఎదురు చెప్పని కోడలు కళ్ళు తుడుచుకుని నిలబడింది. "అమ్మితే అమ్మండి. పస్తులు పెట్టి మాత్రం పంపకండి. నోరున్న నేనే మీకు చెప్పుకోలేకపోతున్నాను, అదేం చెప్పుకుంటుంది?"

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచేలోగా బుంగ అరిచింది. అది ఆకలి అరుపు కాదు. ఇద్దరూ కొట్టంలోకి పరుగెత్తారు. బుంగ పడుకుని ఉంది. తోక కింద రెండు చిన్న గిట్టలు, తడితడిగా.

"ఓరి దేవుడో! ఇది ఈనుతోంది!"

గుమ్మంలో మామగారు కొయ్యబారిపోయాడు. "అయితే మన బుడ్డోడు..." అని నసిగాడు. బుడ్డోడనే ఆ తల్లి లేని కోడెదూడ ఒంటరిగా ఏడుస్తోందని, కిందటేడు దాన్ని బుంగ పక్కనే కట్టిన దయామయుడు ఆయనే. పాలు మరవని పసివాడు, వాడికేం తెలుసులే అనుకున్నారు అందరూ.

"మీ జాలి తగలెయ్యా! నీళ్ళు కాచండి ముందు! ఒసేయ్, ఆ కాలు పట్టుకో. అది ముక్కినప్పుడే లాగు."

అత్తా కోడళ్ళు చెరో కాలూ పట్టారు. దూడ జారి గడ్డిలో పడింది. కదలలేదు. కోడలు ఏడుపు అందుకుంది. అత్తగారు దాని నోట్లో జిగురు తీసేసి, గడ్డిపరకతో ముక్కు కెలికింది. ఒకసారి. మళ్ళీ. దూడ చీదింది.

బుంగ వణికే కాళ్ళతో లేచి, ఇటు తిరిగి, దూడ కళ్ళూ చెవులూ నాకడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా తాడు నమిలి ఆడుకున్న పిల్ల! దీనికి ఎవరు చెప్పారు, ఎవరు నేర్పారు? అత్తగారు కళ్ళార్పకుండా చూస్తూ అలాగే నేలమీద కూలబడింది.

"ముగ్గుర్ని కన్నదాన్ని," అంది. "కడుపుతో ఉన్నదాని తిండి కోశానే! నువ్వు చాటుగా పెట్టబట్టి బతికింది కానీ..."

వాకిట్లో బేరగాడు కేకేశాడు. అత్తగారు తలైనా తిప్పకుండా, "వెళ్ళవయ్యా! బాలింతని అమ్ముకునే ఇల్లనుకున్నావా?" అని కసిరింది.

ఆనక తనే లేచి గంప నిండా తవుడు తెచ్చి కోడలి ముందు పెట్టింది. "నీ చేత్తో పెట్టమ్మా. నా చేతిది ముట్టదేమో."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని, ఆ చేత్తోనే గుప్పెడు తవుడు తీయించి బుంగ మూతి దగ్గర పెట్టింది. దూడని నాకుతున్న బుంగ తలెత్తి, ఆ తవుడు తిని, పెద్దావిడ అరచెయ్యి కూడా శుభ్రంగా నాకేసింది.