మీ ఇష్టం అన్న అబ్బాయి

ఇప్పుడంటే ఫిర్యాదులన్నీ ఫోన్లలోనే తేలిపోతున్నాయి గానీ, ఆ రోజుల్లో జనం ఓపిగ్గా కూర్చుని ఉత్తరాలు రాసేవారు. పింగాణీ సామాన్ల కంపెనీ రెండో అంతస్తులో ఆ ఉత్తరాలు చదివి జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. కప్పు చెవి విరిగిందనీ, సాసరు బీటవారిందనీ, టీపాట్ వచ్చింది గానీ దాని మూత రాలేదనీ రోజుకు నలభై ఉత్తరాలు. అందుకే ఆఫీసంతా ఆమెను కంప్లైంటు అని పిలిచేది. ఆమె కూడా ఏమీ అనుకోకుండా పలికేది.

ఒక సోమవారం పొద్దున్న ఒక ఉత్తరం పట్టుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగి, కింది అంతస్తులోని ప్యాకింగ్ గదిలోకి వచ్చిపడింది.

"ఇరవై మూడో నంబరు ఎవరిక్కడ?"

పెట్టె కట్టినవాళ్ళ నంబరు పెట్టె అడుగున రాసి ఉంటుంది. ఎండుగడ్డి, పాత పేపర్లు, అట్టపెట్టెల మధ్య నుంచి సన్నగా పొడుగ్గా ఉన్న అబ్బాయి లేచి నిలబడ్డాడు. చేతిలో ఉన్న టీపాట్‌ను బల్ల మీద పెట్టాడు. చప్పుడే కాలేదు. పింగాణీని చెక్క మీద అలా పెట్టగలిగే మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు.

"నేనేనండి. ఏమైనా పగిలిందా?" అన్నాడు. ముఖం అప్పుడే పాలిపోయింది.

"పగిలితే బాగుండేది. చదువుతా, వినండి." గొంతు సవరించుకుంది. "'అయ్యా, మీ టీ సెట్టు చేరింది. నాకు డెబ్బై ఏళ్ళు. పెట్టె విప్పడం మొదలుపెట్టి రెండు రోజులైంది. పురికొస ఎన్ని చుట్లు చుట్టారో గానీ ముడి మాత్రం దొరకడం లేదు. లోపల ఉన్నవి కప్పులేనా, లేక పొరపాటున ఏ రాజుగారి నగలైనా పంపారా?'"

గదంతా గొల్లున నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.

"పాపం, ఆవిడ వేళ్ళు ఎంత నొప్పెట్టాయో!" అన్నాడు.

దులిపేయడానికి నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్న మాటలన్నీ ఆమె మింగేయాల్సి వచ్చింది. తప్పు చేసినవాడు బుకాయిస్తే తిట్టడం తేలిక. ఇలా బాధపడితే ఏం చేస్తాం?

రెండు రోజుల తర్వాత, ఏం చర్య తీసుకున్నారో తెలుసుకోవాలి కదా అన్న వంకతో మళ్ళీ దిగింది. అతను ఒక పెట్టె ఆమె ముందుకు జరిపాడు. ముడి దగ్గర పురికొస చివర వేలెడంత బయటికి వదిలి ఉంది.

"లాగండి."

లాగింది. చుట్లన్నీ జర్రున జారి ఊడిపోయాయి.

"మళ్ళీ కట్టండి!" అంది చిన్నపిల్లలా. కట్టాడు. లాగింది. మూడోసారికి ఆమెకే సిగ్గేసింది.

"ఇన్నాళ్ళూ లోపలి వస్తువు గురించే ఆలోచించానండి. విప్పే చెయ్యి గురించి ఆలోచించలేదు," అన్నాడు.

"అబ్బో! పురికొసకి ఇంత ఫిలాసఫీయా?"

"కొస వదిలితే చాలు కదండీ. అవతలివాళ్ళే విప్పుకుంటారు."

ప్యాకింగ్ గదిలో అతని పేరు దూది. ఆ మాట వెటకారంగా పెట్టిందే అయినా, పిలిచేటప్పుడు మాత్రం అందరి గొంతులూ కాస్త మెత్తబడేవి.

ఆ తర్వాత ఆమెకు కింది గదిలో పనులు ఎక్కువయ్యాయి. కప్పు మీద పువ్వు రంగు వెలిసిందన్న ఉత్తరానికీ ప్యాకింగ్‌కీ సంబంధం లేదని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. అయినా ఇద్దరూ ఆ ఉత్తరం మీద పావుగంట చర్చించారు.

"మీరెప్పుడూ కోపం తెచ్చుకోరా?" అని అడిగింది ఒకసారి.

"తెచ్చుకుంటానండి."

"ఎప్పుడు?"

"మొన్న తెచ్చుకున్నా. మీరు చూడలేదు."

"నేనేం చేశాననీ?"

"రెండు రోజులు రాలేదు."

అది సరసమో సమాచారమో ఆమెకు అంతుపట్టలేదు. అతను ఆ ముక్క అనేసి, గడ్డి సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఇంకోసారి, సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు వాన పట్టుకుంది. ఒక్క గొడుగు, ఇద్దరు మనుషులు, బస్ స్టాప్ దాకా అయిదు నిమిషాల నడక. అలాంటి వాన కురిసినప్పుడు ఎవరైనా ఏదైనా మాట్లాడతారు. అతను మాత్రం గొడుగంతా ఆమె వైపు వంచి, తను హాయిగా తడుస్తూ నడిచాడు.

"మీ భుజం చూసుకోండి! నీళ్ళు కారుతున్నాయి!"

"పర్లేదండి."

"ఏం పర్లేదు? గొడుగు మధ్యలో పట్టుకోండి!" గొడుగు కర్రను లాగి మధ్యకు తెచ్చింది. కర్రతో పాటు అతని వేళ్ళు కూడా ఆమె చేతిలోకి వచ్చాయి. బస్ స్టాప్ వచ్చేదాకా ఇద్దరూ చెరో పక్క తడుస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం చేతిని తీయలేదు. ఆ వాన వాసన, ఆ తడి రోడ్డు, బస్సు ఆలస్యంగా రావాలని కోరుకున్న ఆ పది నిమిషాలూ... ఎన్నేళ్ళయినా ఆమెకు నిన్నటిలాగే ఉంటాయి.

కానీ అతను ఏమీ అనలేదు. వారాలు గడిచాయి. ఏమీ అనలేదు.

ఆమె పెరిగిన ఇల్లు వేరు. నాన్న బస్ కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు ఇంజను హోరు మీదుగా మాట్లాడిన గొంతు. ఇంట్లో "ఆ గ్లాసు ఇటివ్వు" అన్నా వీధి చివరికి వినిపించేది. అమ్మ పోయాక, ఇల్లు బోసిగా అనిపించకుండా తండ్రీకూతుళ్ళు ఇంకాస్త గట్టిగా మాట్లాడుకునేవారు. ఇష్టమైతే ఇష్టమనీ, కాకపోతే కాదనీ గోడలు అదిరేలా చెప్పుకోవడమే ఆమెకు తెలిసిన ప్రేమ.

ఇంతలో మేనేజరు పిలిచి, కొత్త బ్రాంచిలో ఫిర్యాదుల విభాగం మొత్తం ఆమె చేతికి ఇస్తామన్నాడు. రైల్లో ఆరు గంటల దూరం. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది.

"దూదిగారూ! నన్ను వేరే ఊరు పొమ్మంటున్నారు."

అతని చేతిలో పేపరు నలిగింది. "మంచి ఉద్యోగమేనా అండి?"

"చాలా మంచిది. వెళ్ళనా?"

గదిలో మిగతావాళ్ళంతా చెవులు రిక్కించారు. పైకి మాత్రం చాలా శ్రద్ధగా గడ్డి కుక్కుతున్నారు.

"మీ ఇష్టం అండి," అన్నాడు.

మన మాటల్లో ఇంత తిరకాసు మాట ఇంకోటి లేదు. ఎదుటి మనిషి మీద గౌరవంతోనూ మీ ఇష్టం అంటాం. చేతులు దులుపుకోవడానికీ అదే అంటాం. అతను ఏ ఉద్దేశంతో అన్నాడో గానీ, ఆమెకు రెండోదే వినిపించింది.

"సరే అయితే," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు జవాబు రాసిన ఉత్తరాల్లో ఒక్కదానిలోనూ 'దయచేసి' లేదు.

రెండు రోజులు మనసులోనే దాచుకుని, గురువారం రాత్రి నాన్నతో అంతా చెప్పింది. ఏడుస్తూ, మధ్యమధ్యలో అరుస్తూ చెప్పింది.

"ఏమన్నాడన్నావ్?"

"మీ ఇష్టం అన్నాడు! అంటే నేనున్నా పోయినా ఒకటే అని కదా!"

నాన్న కుర్చీ చేతిని గోకుతూ కూర్చున్నాడు.

"మీ అమ్మ కూడా అదే అనేది. సినిమాకి పోదామా అంటే మీ ఇష్టం. ఇల్లు మారదామా అంటే మీ ఇష్టం. నీకంటూ ఓ ఇష్టం ఏడవలేదా అని కసిరేవాణ్ణి. ఉండేదే తల్లీ. కసరడం అంటే అడగడం అనుకున్నాను నేను." కూతురి వైపు తిరిగి, "నువ్వు అడిగావా?" అన్నాడు.

"అడిగా! వెళ్ళనా అని!"

"అది నీ గురించి అడగడం. వాడి గురించి ఏమడిగావ్?"

ఊరందరి ఫిర్యాదులూ విప్పి చదివే మనిషి, ఒక్క మనిషిని నెమ్మదిగా కూర్చోబెట్టి, నీకేం కావాలి అని అడగలేదన్నమాట. అతనిది మొహమాటం అయితే తనది తొందర. రెండింటికీ మధ్య మంచి మాట ఒకటి నలిగిపోయింది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసుకు రాగానే బ్యాగు బల్ల మీద పడేసి కిందికి బయలుదేరింది. మొదటి అంతస్తు మలుపులో ఎవరినో ఢీకొట్టబోయి ఆగింది. అతనే. రొప్పుతున్నాడు. చొక్కాకు గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి.

"మీ దగ్గరికే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరు చెప్పండి," అంది. జీవితంలో మొదటిసారి అవతలివాళ్ళకు ముందు అవకాశం ఇచ్చింది.

అతను రెయిలింగ్ పట్టుకున్నాడు. మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఆగి చూస్తున్నారు.

"వెళ్ళొద్దని నేను అననండి. ఆ ఉద్యోగానికి మీరే తగినవారు. వెళ్ళండి. కానీ మీరు వెళ్ళిపోతే నాకు ఏమీ బాగుండదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ చెప్పుల చప్పుడు కోసం చూస్తాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది మీకు తెలియాలి. తెలిశాక ఏం చేసినా పర్లేదు."

"ఈ ముక్క మొన్నే చెప్పి ఉండొచ్చుగా? మూడు రోజులు ఏడిపించారు!"

"మొన్న భయమేసిందండి. దానికే మర్యాద అని పేరు పెట్టుకున్నాను."

ఆమెకు అరవాలనిపించింది. అరిచేదే. కానీ గొంతు దానంతటదే తగ్గింది.

"మీకేం కావాలి?" అని అడిగింది, అతనికి మాత్రమే వినిపించేలా.

"మీతో ఉండాలి. అక్కడైనా సరే."

"అక్కడ కూడా కప్పులు పగులుతాయి. కట్టేవాళ్ళు కావాలి," అంది. పై మెట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆదివారం పెళ్ళి మాట అడగడానికి అతను వాళ్ళింటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు, లేవమంటే లేచిపోయేలా.

"గట్టిగా మాట్లాడవోయ్! నాకు చెవి మందం!" అన్నాడు నాన్న. "మా దానికి నోరు పెద్దది. ఊరికే కేకలేస్తుంది. తట్టుకుంటావా?"

"ఆవిడ కేకలేస్తే నాకు నిశ్చింతండీ," అన్నాడతను, తనకు చేతనైనంత గట్టిగా. "మనసులో ఏముందో వెతుక్కోనక్కర్లేదు. మౌనంగా ఉంటేనే భయం. అప్పుడు మాత్రం వెంటనే అడుగుతానండి."

నాన్న అతని వంక చాలాసేపు చూశాడు. లేచి కూతురి దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి వేశాడు.

"వెళ్ళిరా అమ్మా," అన్నాడు.

పక్కనే నిలబడ్డా సరిగ్గా వినబడనంత చిన్నగా అన్నాడు. నాన్నకు అలాంటి గొంతు కూడా ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత, ఆయన లేని ఈ రోజుల్లో, నాన్నను తలుచుకుంటే ఆ ముప్ఫై ఏళ్ళ కేకల్లో ఒక్కటీ ఆమెకు గుర్తురాదు. ఆ చిన్న గొంతే వినిపిస్తుంది.