ఆర్మాస్ ఇంట్లో ఆరి వెలిగే కిటికీ

కుహ్మో ఊళ్ళో సరస్సు అవతల ఆర్మాస్ ఇంటివైపు చీకటి పడ్డాక ఎవరూ పోవడం లేదు. డిసెంబరు కదా, మూడింటికే చీకటి. ఆయన పోయి నెలైంది, ఇంటికి తాళం... అయినా కిటికీలో నీలం వెలుగు వస్తుంది. ఆరుతుంది. మళ్ళీ వస్తుంది — మళ్ళీ ఆరుతుంది.

"ముసలాడు కళ్ళార్పుతున్నాడు," అనేది పొరుగింటి కెర్తు.

ఆ మాట వింటే ఆర్మాస్ స్నేహితుడు టౌనో అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. తర్వాత ఆవిరిస్నానాల గదిలో కూర్చుని ఆయనే నాకిదంతా చెప్పాడు.

ఆర్మాస్ కంప్యూటర్లో విండోస్ పక్కన లినక్స్ అనే ఇంకో సిస్టమ్ కూడా ఎక్కించింది టౌనోయే. "ఒకే పెట్టెలో రెండు కాపురాలు, చూస్కోరా!" అని గొప్పలు పోయాడు. వారం తిరక్కుండా ఆర్మాస్ ఫోను.

"ఒరేయ్, విండోస్ తెరుచుకోవట్లేదురా. వెలుగుతుంది, చస్తుంది, మళ్ళీ వెలుగుతుంది. సిల్వి గొంతు అందులోనే ఉంది..."

సిల్వి ఆయన భార్య. అప్పటికే పోయింది — రికార్డు చేసుకున్న గొంతొక్కటే మిగిలింది.

"రేపొస్తాలేరా," అన్నాడు టౌనో. మర్నాడూ అదే మాట. నిజానికి భయం — ఆ గొంతు తనే చెరిపేశాడేమోనని. ఇంతలో ఆర్మాస్ గుండె ఆగిపోయింది.

చివరికి ఉండబట్టలేక, ఆర్మాస్ కూతుర్నడిగి తాళంచెవి తెచ్చుకున్నాడు. తలుపు తీశాడు. లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు... ఆగింది. మళ్ళీ...

"ఆర్మాస్?" అన్నాడు గుసగుసగా.

బల్లమీద కంప్యూటర్ — ఆ ఊపిరి దాని ఫ్యానుదే! నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఇంట్లో కరెంటు ఉంచారు. మంచు తుఫానుకి పోయిన కరెంటు తిరిగొచ్చాక పెట్టె దానంతటదే లేచింది. విండోస్ దాకా పోతోంది, నీలం తెర చూపి కూలబడుతోంది, మళ్ళీ లేస్తోంది. దెయ్యం అదీ!

నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సెట్టింగుల్లోకి వెళ్ళాడు. లినక్స్ కోసం డిస్కును చదివే పద్ధతి మార్చింది తనే — వెనక్కి తిప్పడం మరిచిందీ తనే. తిప్పాడు. విండోస్ తెరుచుకుంది. ఏదీ చెరగలేదు... కప్పు కాఫీ తాగేలోపు అయ్యే పని.

సిల్వి పేరున్న ఫైలు నొక్కాడు.

"ఆర్మాస్... ఎక్కడున్నావయ్యా? చేపలు మాడిపోతున్నాయి, రా!" ఆ వెంటే నవ్వు.

తెరిచిన తలుపులోంచి గొంతు బయటికి పోయింది. పక్క పెరట్లో కుక్క మొరిగింది — ఆపైన కెర్తు కేక.

మర్నాడు దుకాణం దగ్గర కెర్తు టౌనో చెయ్యి పట్టుకుంది. "ఆయనొక్కడే కాదయ్యా... సిల్వి కూడా వచ్చేసింది! పేరుపెట్టి పిలుస్తోంది!"

టౌనో తల వంచుకున్నాడు.

"వచ్చింది కెర్తూ. వాడు బతికుండగా రావలసింది."