మనిషికి గెలుపు లేని ఆట

ఈశ్వరమ్మ చేతులు సంగటి కెలుకుతున్నాయి గానీ చెవులు వీధి వైపే ఉన్నాయి. పెద్దాయన జీపు ఏ క్షణమైనా రావచ్చు. ఈ రోజు జమ్మలమడుగులో ఆయన నామినేషన్. జీపులో పెద్దాయన పక్క సీటు తన మొగుడు గురప్పది. పోయిన ఎలక్షన్లలో ఆ సీట్లో కూర్చున్నవాడు ఆమె తమ్ముడు చిన్నసుబ్బయ్య. కొండాపురం దారిలో బాంబులు పడ్డాయి. తమ్ముడు తిరిగి రాలేదు. పెద్దాయన చొక్కాకు మరక కూడా అంటలేదు.

“ఈ పొద్దు పోవాకు మామా,” అంది.

“మళ్లా మొదలుపెట్నావా?” గురప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అందరూ పోతాంటే నేను గాజులేసుకోని ఇంట్లో కూచోవాల్నా?”

“ఏసుకో. నా చేతివైనా నాకు మిగుల్తాయి.”

గురప్ప విసురుగా ముంగిట్లోకి నడిచాడు.

అక్కడ నాపరాళ్ల మీద కూతురు అంకాలు సుద్దముక్కతో గళ్లు గీస్తోంది. ఎక్కడా నేర్చుకున్న ఆట కాదు, సొంతంగా పుట్టించింది. కొన్నాళ్లుగా పిల్లల్ని పోగేసి ఆడించడం, కుదరని రూలు తీసేయడం, ఇంకోటి పెట్టడం. ఈ రోజు జట్టులోని మైమూన్ ప్రొద్దుటూరు పోయింది. ఒక మనిషి తక్కువ.

“నాయనా, జీపొచ్చే దాకా నువ్వు రా. కొత్త రూలు సరిపోతాదో లేదో సూడాల.”

భార్య చూపు తప్పించుకోవడానికే గురప్ప గళ్లలోకి దిగాడు.

ఆట తేలికే. నడిమి బండ మీద పెద్దప్ప నిలబడాలి. పక్కింటి పిల్లోడు యల్లయ్య చేతులు కట్టుకుని ఆ పని దర్జాగా చేస్తున్నాడు. చుట్టూ ఆయన మనుషులు. బయటి నుంచి ఎదుటోళ్లు గుడ్డబంతి విసురుతారు. అది పెద్దప్పను తాకకుండా మనుషులు అడ్డం పడాలి. తగిలినవాడు అవుట్.

మొదటి బంతే గురప్ప డొక్కలో తగిలింది.

“మీ నాయన పొయినాడే!” అని పిల్లలు నవ్వారు. వంటింట్లో ఈశ్వరమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

“పోతే ఏం జెయ్యాల?” అడిగాడు గురప్ప.

“గోడ కాడ పండుకోవాల. పెద్దప్ప ఇంకో మనిషిని పిల్చుకుంటాడు.”

“ఆయప్పకు తగిలేదెప్పుడు?”

“మనుషులుండేంత కాలం తగల్దు.”

“మరి మనిషి గెలిచేదెప్పుడు పాపా?”

“మనిషికి గెలుపు పెట్టలేదు నాయనా. ముందు ఒక రూలుండె. మనిషి గడప తొక్కి ‘ఇల్లు’ అంటే వాణ్ణి ఎవురూ కొట్టగూడదు. అది పెడితే అందరూ ఇంటికే పరిగెత్తినారు. పెద్దప్ప ఒక్కడే మిగిలె. ఆట నిమిషంలో అయిపాయ. అందుకే తీసేసినాం.”

గురప్ప పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

బయట హారన్ మోగింది. అలవాటు కొద్దీ లేచి నాలుగడుగులు వేశాడు. ఆగాడు.

“ఆ రూలు మళ్లా పెట్టు పాపా.”

“పెడితే ఆట నిలబడదు నాయనా.”

“నిలబడకుంటే మానె.”

డ్రైవర్ జియావుల్లా వాకిట్లోకి తొంగి చూశాడు. “గురప్పన్నా, పెద్దాయన శానాసేపట్నుంచి ఎదురు సూస్తాండాడు. రా.”

“నేను రాను జియావుల్లా.”

“ఏమని జెప్పాల?”

“ఇంట్లో ఉండాడని జెప్పు. ఇంక ఇంట్లోనే ఉంటాడని జెప్పు.”

జియావుల్లా వెనక్కి తిరిగాడు. వీధిలో ఇంజన్ చాలాసేపు గురగురలాడింది. ఎవరైనా దిగి వస్తారేమోనని ఈశ్వరమ్మ వాకిలి వైపే చూసింది. చివరికి జీపు కదిలింది. రేపు ఏ కబురు వస్తుందో, ఎవరు తలుపు తడతారో తెలియదు. గురప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుని, భుజానికి తల ఆనించి, సంగటి అంటిన చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

“పిల్లోళ్లు సూస్తాండారు,” అన్నాడు.

అంకాలు మాత్రం గళ్ల మధ్య నిలబడి ఇంకా లెక్క తేల్చుకుంటూనే ఉంది.

“అందరూ ఇంటికి పోతే, ఒక్కడే మిగిలిన పెద్దప్ప ఏం జెయ్యాల నాయనా?”

గురప్ప తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఆయప్పకు గూడా ఒక ఇల్లు గియ్యి పాపా.”