సిద్దమ్మ గడప

కమలాపురం చుట్టుపక్కల నల్లబండలు అమ్ముకునేవాళ్ళు కోకొల్లలు. వాళ్ళందరిలోకీ భూపేష్ తెలివైనవాడు. కనీసం ఆయన అలాగే అనుకునేవాడు. అందరూ గనిలోంచి తీసిన కొత్త బండను అద్దంలా నునుపు చేసి అమ్ముతుంటే, ఈయన అరిగిపోయిన పాత బండలను అమ్మేవాడు. పడగొట్టిన ఇళ్ళ గడపలు, మెట్లు, అరుగురాళ్ళు. తరాల తరబడి పాదాలు తగిలి మధ్యలో గుంట పడ్డ రాయంటే యూరప్ జనానికి ప్రాణం. మనం అరిగిందని అవతల పారేసేదాన్ని వాళ్ళు ఇంట్లో ముఖ్యమైన చోట పరుచుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోతారు. ఆ మురిపెం మీద భూపేష్ కడపలో రెండంతస్తుల ఇల్లు కట్టాడు.

ఆ ఇంటి గృహప్రవేశం శుక్రవారం పెట్టుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే బెల్జియం నుంచి పిలుపొచ్చింది. గెంట్ అని అక్కడొక పాత నగరం. కాలువ ఒడ్డున ఎప్పటిదో వర్తకుడి ఇంటిని హోటలుగా మార్చారు. గది గదికీ ఒక పాత గడప వేశారు. అన్నీ భూపేష్ పంపినవే. మీ రాళ్ళను మీరే వచ్చి చూసుకోండి, మాకు అతిథిగా ఉండండి, ఇంకో హోటలుకు కూడా బండలు కావాలి అని హోటలు యజమానురాలు ఫోన్ చేసి చెప్పింది.

"గృహప్రవేశం పెట్టుకోని ఇప్పుడు పోవాల్నా?" అంది మధులత, ఆయన భార్య.

"ఇట్ల పోయి అట్ల వచ్చేస్తా. మన ఇంట్లో కుడికాలు పెట్టేది మనమిద్దరం కదా, నేను లేకుండా యాడ జరుగుతాది?" అని నవ్వేసి విమానం ఎక్కాడు.

గెంట్‌లో డిసెంబరు నెలంటే పగలని పేరుకే. మనకు టీ తాగే వేళకు అక్కడ వీధి దీపాలు వెలుగుతాయి. భూపేష్ హోటలు చేరేసరికి చినుకులు పడుతున్నాయి. రాళ్ళు పరిచిన వీధి తడిసి మెరుస్తోంది. చర్చి గంట ఒకటి తీరిగ్గా మోగుతోంది. లోపల మాత్రం వెచ్చగా, తేనెమైనం వాసనతో, చూడముచ్చటగా ఉంది. తెల్లటి గోడలు, నల్లటి చెక్క దూలాలు, ఇత్తడి దీపాలు. యజమానురాలు సన్నగా పొడుగ్గా ఉన్న పెద్దావిడ. తనే తాళం తీసి గది చూపించింది.

"ఇది మా అందరికీ ఇష్టమైన గది. అన్నిటికంటే అందమైన రాయి ఇక్కడే వేశాం" అంది ఇంగ్లీషులో.

పడగ్గదికీ స్నానాలగదికీ మధ్య ఉంది ఆ గడప. నల్లటి బండ. మధ్యలో పెద్ద గుంట. కుడి మూలన ప్రమిద పట్టేంత సొట్ట. దాని చుట్టూ రాతి రంధ్రాల్లో పసుపుపచ్చగా ఏదో ఇంకిపోయి ఉంది.

"ఆ రంగు ఎంత కడిగినా పోవడం లేదు. ఏమిటది?" అని అడిగింది.

"పసుపు. మా ఆడవాళ్ళు గడపకు పూస్తారు" అన్నాడు.

"ఇంకో విచిత్రం. రోజూ తుడుస్తాం. మళ్ళీ పొద్దునకి దీని మీద తెల్లటి మట్టి రాలి ఉంటుంది. పైకప్పు చూస్తే ఎక్కడా చెక్కుచెదరలేదు. ఈ రాయి ఎవరి ఇంటిది?"

"ఎవరిదో. మునిగిపోయిన ఊరు" అన్నాడు భూపేష్.

ఆమె వెళ్ళిపోయింది. ఆ ఇల్లు ఎవరిదో భూపేష్‌కు బాగా తెలుసు.

ఆ ఊరు బోడివంక. రిజర్వాయరు నీళ్ళు వస్తాయని జనం ఒక్కొక్కరే సామాన్లు కట్టుకుని కొత్త కాలనీకి పోతున్న రోజులవి. భూపేష్ లారీ వేసుకుని ఊళ్ళో గడపలు ఏరుకుంటున్నాడు. ఒక వీధిలో చివరికి మిగిలింది సిద్దమ్మ అనే ముసలామె ఒక్కతే. మిద్దె ఇల్లు. కర్ర దూలాల మీద బోదగడ్డి పరిచి, దాని మీద మోకాలెత్తు చౌడుమట్టి తొక్కిన పాతకాలపు కప్పు. ఆమె కుడిచేతికి చిటికెనవేలు లేదు. చిన్నప్పుడు చెరుకు గానుగలో పోయిందట. ఆ చేత్తోనే గడపకు పసుపు పూస్తూ చెప్పింది.

"శుక్రవారం పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, గడపను సెలవడిగి పోతానప్పా. చెప్పకుండా పోతే ఇల్లు ఉసురు పెడతాది. అంతవరకు ముట్టద్దు. ఆ తర్వాత నువ్వే తీసుకుపో."

"అట్లే కానీలే అవ్వా" అన్నాడు భూపేష్. కానీ గురువారమే కంటైనరు పోవాలి. గురువారం తెల్లవారుజామున జేసీబీ డ్రైవరు గిడ్డయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"అన్నా, లోపల దీపం ఉండాది" అన్నాడు గిడ్డయ్య.

"ఉంటే లేసొస్తాదిలే. తవ్వు."

బకెట్టు పళ్ళు గడప కిందికి దిగాయి. లోపల ఇనుప గొళ్ళెం కదిలిన చప్పుడు. తర్వాత నిద్రమత్తు గొంతు. "ఎవురప్పా అది?"

గిడ్డయ్య చెయ్యి ఆపాడు. భూపేష్ వైపు చూశాడు. పలికితే ఆమె బయటికొస్తుంది. వస్తే గడపకు అడ్డం పడుకుంటుంది, ఏడుస్తుంది, జనం చేరతారు. భూపేష్ పలకలేదు. చెయ్యి ఊపాడు. కానీ, తవ్వు అన్నట్టు.

గడప పైకి లేచింది. దానితోపాటు దర్వాజా వంగింది. గోడ వంగింది. మిద్దె మిద్దంతా ఒక్క మూలుగు మూలిగి కూర్చుండిపోయింది. చాలాసేపు చౌడుమట్టి జలజలా రాలుతూనే ఉంది. వాళ్ళు బండను లారీకెత్తుకుని వచ్చేశారు. వానకు నాని పాత మిద్దె కూలిందని ఊరు అనుకుంది. తర్వాత నీళ్ళొచ్చి అన్నిటినీ కప్పేశాయి.

భూపేష్ తల విదిలించుకున్నాడు. రాయి రాయే కదా అనుకున్నాడు. కింద వేడినీళ్ళ గొట్టాలు పోతున్నాయేమో, గడప వెచ్చగా ఉంది. చెప్పులు విడిచి దాని మీదే నిలబడి భార్యకు వీడియో కాల్ చేశాడు. కడపలో పసిపిల్లాడు కూడా గడప మీద నిలబడడు. ఈయనకు మాత్రం అది గడప అని తోచలేదు. అమ్మేసిన సరుకు అంతే.

మధులత ముఖం కనిపించగానే, "హోటలు ఎంత బాగుండాదో సూపీండి" అంది. ఆయన ఫోను నాలుగు దిక్కులకూ తిప్పాడు. కిందికీ తిప్పాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏందండీ, గడప మీద నిలబడి మాట్లాడతాండారు? దిగండి ముందు. రెండు రోజుల్లో ఇంట్లో శుభకార్యం పెట్టుకోని..."

"ఇది బండ మధూ."

"మద్దెన గుంట ఉంది, పసుపుంది. గడప గాకపోతే ఏంది? దిగండి, నాకు బాగనిపియ్యలేదు."

నవ్వుతూ దిగాడు. స్నానాలగది వైపుకి దిగాడు. ఫోన్ పెట్టేసి ముఖం కడుక్కున్నాడు. తువ్వాలు అందుకోబోతుంటే వాసన తగిలింది.

తేనెమైనం కాదు. సబ్బు కాదు. తొలివానకు తడిసిన చౌడుమట్టి వాసన. దానిలో కలిసి ఆముదం దీపం వాసన. బోడివంక వాసన.

వెనక్కి తిరిగాడు. గడప మీద పసుపు ఉంది. తడి పసుపు, ఇప్పుడే పూసినట్టు మెరుస్తోంది. పక్కన గోడ మీద ఒక చేతి గుర్తు. బొటనవేలు, మూడు వేళ్ళు. చిటికెనవేలు చోట ఖాళీ.

ఇత్తడి దీపం ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది. దాటి పోదామని కాలెత్తాడు. గడప అవతల పడగ్గది లేదు. కిటికీ లేదు, కాలువ వెలుగు లేదు. అవతల చీకటి... నల్లటి, వెచ్చటి, మట్టి చీకటి. ఎత్తిన కాలు వెనక్కి పెట్టాడు.

టప్.

భుజం మీద ఏదో పడింది. తడిమి చూశాడు. చిటికెడు మట్టి. వేళ్ళ మధ్య ఉప్పులా గరగరలాడింది.

టప్... టప్...

చీకట్లో ఇనుప గొళ్ళెం కదిలింది. ఆ హోటలు తలుపుల్లో ఒక్కదానికీ గొళ్ళెం లేదు.

"ఎవురప్పా అది?"

నిద్రమత్తు గొంతు. అదే గొంతు. చీకటిపడ్డాక పిలిస్తే మూడోసారి దాకా పలకద్దురా అని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పేది. పలకలేదు. మట్టి పాదాల మీద పడుతోంది.

"ఎవురప్పా అది?"

ఈసారి నిద్రమత్తు లేదు. మట్టి చీలమండలు దాటింది. గోడ తడిమాడు, చల్లటి పలకలు తగల్లేదు, మట్టిగోడ తగిలింది. అరుద్దామని నోరు తెరిస్తే చౌడు నోట్లో పడింది. ఉప్పగా, చేదుగా... మోకాళ్ళు... తొడలు... పైన దూలం ఒకటి కిర్రుమంది. మధులత గుర్తొచ్చింది. కొత్తిల్లు గుర్తొచ్చింది. ఒక్కసారైనా ఆ ఇంట్లో కాలు పెట్టకుండా ఇక్కడ, దేశం కాని దేశంలో, మట్టి కింద...

చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా...

"ఎవురప్పా అది? సెప్పు."

"గిడ్డయ్య!" అని కేక పెట్టాడు భూపేష్. "గిడ్డయ్యను... గిడ్డయ్యను నేను!"

మట్టి ఆగింది.

తర్వాత చీకట్లో ఎవరో ఆలోచిస్తున్నట్టు నెమ్మదిగా, "గిడ్డయ్యా..." అన్నారు. గొళ్ళెం పడింది. ఇత్తడి దీపం వెలిగింది.

స్నానాలగది తెల్లగా, శుభ్రంగా ఉంది. గోడ మీద గుర్తు లేదు. కిటికీ అవతల కాలువలో పడవ ఒకటి దీపాలతో పోతోంది, ఎవరో నవ్వుతున్నారు. భూపేష్ గడప మీద కాలు పడకుండా ఒక్క దూకు దూకి, పెట్టె లాక్కుని, ఆ సాయంత్రమే హోటలు ఖాళీ చేశాడు. యజమానురాలు ఏమైందని అడిగితే ఇంట్లో అర్జెంటు పని అన్నాడు. విమానాశ్రయంలో కూర్చున్నాక, గిడ్డయ్యకు ఫోను చేసి జాగ్రత్త అని చెబుదామా అనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాడు కూడా. మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. సిగ్గు లేదు మనిషికి. బతికాను కదా అన్న సంతోషంలో కాఫీ తాగాడు, తీపి రొట్టె తిన్నాడు, విమానంలో హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం తెల్లవారింది. కడపలో కొత్తింటి ముందు షామియానా, మామిడాకులు, బంధువులు, సన్నాయి. ఆవును ఇంటి చుట్టూ తిప్పి తెస్తున్నారు. పట్టుపంచె కట్టుకుని గేటు దగ్గరికి వచ్చిన భూపేష్ అక్కడే ఆగిపోయాడు.

గేటు బయట గిడ్డయ్య నిలబడి ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు. మనిషి కాస్త వాడిపోయాడు, అంతే.

"రాప్పా గిడ్డయ్యా, బాగుండావా?" అన్నాడు భూపేష్.

గిడ్డయ్య లోపలికి రాలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. "మొన్న నా గడప కాడికొచ్చిందన్నా ఆ యమ్మ. నువ్వేనంట కదప్పా అని అడిగింది. నా పిల్లోల్లు లోపల నిద్రపోతాండారు. నేను కాదమ్మా, మిషను మాత్రం నేను తిప్పినా, తప్పయిపోయిందని కాళ్ళ మీద పడినా. అట్లయితే మరి ఎవురు అని అడిగింది."

"ఏం జెప్పినావు?"

గిడ్డయ్య భూపేష్ ముఖంలోకి చూడలేదు. చెయ్యెత్తి దండం పెట్టాడు, ఇంటి వైపు తిరిగి పెట్టాడు. పెట్టి వెళ్ళిపోయాడు.

"రాండి, ముహూర్తం దాటిపోతాది!" అని మధులత పిలిచింది. చేతిలో దీపం. మెడలో కొత్త దండ. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆయన వెళ్ళి పక్కన నిలబడ్డాడు. కొత్త గడపకు పసుపు పూసి ఉంది. చిక్కగా, తడిగా, అందంగా.

"పసుపు నువ్వే పూసినావా?" అని మెల్లిగా అడిగాడు.

"నేనొచ్చేసరికే పూసి ఉండె. మీ అక్కయ్యేమో అనుకున్నా. ఎంత బాగా పూసిందో సూడండి" అంది మధులత.

చూశాడు. పసుపులో వేళ్ళ చారలు తేటగా ఉన్నాయి. ఒక చివర చార లేదు.

వద్దు, లోపలికి పోవద్దు అనాలి. ఆమె చెయ్యి పట్టుకోవాలి. నోరు పెగల్లేదు. నోట్లో చౌడు రుచి.

అయ్యవారు మంత్రం చదువుతుండగా, మధులత కుడికాలు ఎత్తి గడప దాటింది. ఆమెకు ఏమీ కాలేదు. దీపం కూడా కదల్లేదు. లోపల నిలబడి, వెనక్కి తిరిగి, నవ్వుతూ ఆయన వైపు చెయ్యి చాచింది.

"రాండి. కుడికాలు."

ఆయన కాలు లేవలేదు. గడప ఇవతలే నిలబడ్డాడు. బటన్లు నొక్కితే తెరుచుకునే తాళం ఉన్న టేకు తలుపది. దాని వెనక ఎక్కడో ఇనుప గొళ్ళెం కదిలిన చప్పుడైంది.

భుజం మీద చిటికెడు మట్టి పడింది. నెమ్మదిగా తల ఎత్తాడు. నిన్ననే సున్నం ఆరిన వసారా కాంక్రీటు కప్పు. ఒక్క బీట కూడా లేదు. పిడికెడు పడింది.

ఈసారి ఎవురప్పా అది అని లోపల్నుంచి ఎవరూ అడగలేదు.