దొంగ మాడ్యూల్

ఉమైర్ వర్క్‌షాపు షట్టర్ ఎత్తేసరికి సాయిబాబు ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ప్రాణం మాత్రం లేదు.

పొద్దున పది గంటలు. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో కంపెనీ బస్సుల హారన్లు మోగుతున్నాయి. లోపల సాయిబాబు బెంచీ కాళ్ళకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. సిగ్నల్ కేబుల్ మీద అల్లి ఉండే షీల్డ్ వైరు అతని గొంతులోకి అంగుళం లోతున దిగబడింది. పది నిమిషాల ముందు వచ్చి ఉంటే బతికేవాడు. ఉమైర్ పళ్ళు బిగించి వంగాడు. చచ్చినవాడి పిడికిట్లో పగలగొట్టిన ప్లాస్టిక్ డబ్బా ముక్క, దానికి అతుక్కుని గోరంత నల్లటి చిప్ ఉన్నాయి.

వెనక గాలి కదిలింది.

ఉమైర్ పక్కకి దొర్లాడు. అతని తల ఉండాల్సిన చోట ఇనప పైపు పడి బెంచీ చెక్క చీలిపోయింది. ఎదురుగా ఆరడుగులు దాటిన మనిషి. కుడి చెవి సగమే ఉంది. రెండో దెబ్బ ఉమైర్ పక్కటెముకల మీద పడింది. మూడో దెబ్బకి పైపు లేచేలోగా ఉమైర్ చేతికి సోల్డరింగ్ ఐరన్ తగిలింది. సాయిబాబు ఆఖరిసారి వాడింది, ఇంకా కాలుతూనే ఉంది. దాన్ని వాడి తొడలోకి పిడిదాకా దించాడు. మాంసం కాలిన వాసన గుప్పుమంది. చెవి తెగినవాడు ఎద్దులా అరిచి, ఉమైర్‌ని ఇనప అలమార మీదికి విసిరేసి, కుంటుకుంటూ తెల్ల పికప్ ఎక్కి మాయమయ్యాడు.

రెండు గంటల తర్వాత అల్ హిలాల్‌లో ఒక విల్లా ముందు ఆగాడు ఉమైర్. గేటు మీద 'మ్యాథ్స్ ట్యూషన్' అని బోర్డు.

"ఈ ఏడు చింతకాయ ఎలా కాసిందండీ?" తలుపు వెనక నుంచి ఆడగొంతు.

"కాసింది గానీ గింజ లేదు."

తలుపు తెరిచిన సుభాషిణికి యాభై దాటాయి. చేతికి చాక్‌పీసు పొడి. ఢిల్లీలో పేరూ బోర్డూ లేని ఒక విభాగానికి ఆవిడ ఖతార్ చీఫ్; ఉమైర్, సాయిబాబు ఆవిడ మనుషులు. చిప్‌ని భూతద్దం కింద పెట్టి చూసి, నిట్టూర్చి, బోర్డు మీద మూడు గీతలు గీసింది.

"సాయిబాబు పనిచేసే గ్యాస్ ప్లాంట్లో ప్రెషర్ కొలిచే మీటర్లు మూడున్నాయి బాబూ. వాటి తీగలు కంట్రోల్ సిస్టమ్‌లోకి వెళ్ళే ముందు ఒక్కో టర్మినేషన్ మాడ్యూల్ దగ్గర కలుస్తాయి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. పాతవి తీసేసి ఈ నెలలో కొత్తవి బిగిస్తున్నారు. అందులో దొంగవి దూర్చారు. టైమొచ్చినప్పుడు ఈ చిప్ మేలుకుంటుంది. అసలు ప్రెషర్ పెరిగిపోతున్నా సిస్టమ్‌కి మాత్రం అంతా బాగుందనే చెబుతుంది."

"మిగతా మీటర్లు నిజం చెబుతాయి కదా?"

"మూడింట్లో రెండు ఏది చెబితే సిస్టమ్ దాన్నే నమ్ముతుంది. రెండు దొంగవైతే, ప్రమాదంలో ప్లాంట్ దానంతటదే ఆగే ఎమర్జెన్సీ షట్‌డౌన్ జరగదు. ప్లాంట్ గోడ పక్కనే లేబర్ క్యాంపు, రెండు వేల మంది."

"ఎవరి పని?"

"కోబాల్ట్. ఏ దేశానికి అమ్ముడుపోయిన ముఠానో ఇంకా తేలలేదు. ఇక్కడి సెక్యూరిటీ వాళ్ళు గట్టి రుజువు తెస్తేనే ప్లాంట్ ఆపుతామన్నారు. ఈ ముక్క చాలదు. కోబాల్ట్‌లో మనకో మనిషి ఉంది. మరీహా. మాడ్యూళ్ళు సప్లై చేసే కంపెనీలో ఇంజనీరు. రేపు నీకు దొంగ మాడ్యూల్ చూపిస్తుంది." ఆవిడ గొంతు తగ్గించింది. "సాయిబాబుది గుండెపోటని రాయించాను. షీల్డ్ వైరు సంగతి చంపినవాళ్ళకీ, నీకూ నాకూ తప్ప తెలీదు. తెలియనివ్వకు."

ఉమైర్‌కి నీలం కవరాల్, హుస్సేన్ పేరుతో ఐడీ కార్డు, ఒక మల్టీమీటర్ ఇచ్చింది. కరెంటు కొలిచే మామూలు మల్టీమీటరే, కాకపోతే దొంగ చిప్ మేలుకున్న క్షణంలో దాని రేడియో తరంగాన్ని పసిగట్టి కూస్తుంది.

మర్నాడు బస్సు ఉమ్ సలాల్ ఖర్జూరం తోటలు దాటి ఉత్తరాన ప్లాంట్ వైపు సాగింది. పక్క సీట్లో జలంధర్. ఆర్మూర్ మనిషి, ఖతార్‌లో పదిహేనేళ్ళుగా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. సాయిబాబుకి రూమ్మేట్. సుభాషిణి అతనికి సగం చెప్పింది, మిగతా సగం అతనే ఊహించుకున్నాడు.

"మొన్న ఒక మాడ్యూల్ పీకి తెచ్చిండు తమ్మి. 'ఇది మంచిది గాదే, దీంట్ల దొంగ ఉన్నడు' అన్నడు. పాతది మళ్ళ బిగించి వచ్చిండట. తెల్లారి పది గొట్టేసరికి మనిషే లేడు."

"వాణ్ణి చంపినోడు నాకు మళ్ళీ కనబడతాడన్నా."

"కనబడితే నాగ్గూడ ఒక్క దెబ్బ ఉంచు."

మధ్యాహ్నం ఒకటిన్నర. క్యాబినెట్ల గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇనప బీరువాల్లాంటి క్యాబినెట్లు రెండు వరసల్లో నిలబడి ఉన్నాయి. మరీహా లోపలికి రాగానే అత్తరు వాసన గదంతా పరుచుకుంది. హెల్మెట్ కింద నుంచి జారిన ఒక్క ముంగురు, పెదవుల మీద సగం నవ్వు.

"సలాం, హుస్సేన్ మియా. ఫికర్ నక్కో. నాలుగో క్యాబినెట్‌ల ఉంది మీ దొంగ." సంచిలోంచి కొత్త మాడ్యూల్ తీసి ఇచ్చింది. "ఇది అసలైంది. జల్దీ మార్చేయ్."

జలంధర్ ఆ మీటర్ లూప్‌ని సిస్టమ్ కాసేపు పట్టించుకోకుండా బైపాస్ చేయించి, తీగలకి నంబర్లు కట్టి, స్క్రూలు వదులు చేశాడు. ఉమైర్ కేబుల్ పీకి, పాత మాడ్యూల్ ఊడదీసి, కొత్తది క్లిక్‌మనేదాకా నొక్కాడు. తీగలు వరసగా బిగించారు. స్క్రీన్ మీద ప్రెషర్ మామూలుగా వచ్చింది. బైపాస్ తీసేశారు. మరీహా క్యాబినెట్ తలుపు మూసి తాళం వేసింది.

"ఖల్లాస్," అంది. "పాపం సాయిబాబు చూసుంటే ఖుషీ అయ్యేటోడు. ఆ షీల్డ్ వైరుతోని అట్ల సచ్చేది రాసిపెట్టి ఉంది."

ఉమైర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"షీల్డ్ వైరు అని నీకెవరు చెప్పారు?"

మరీహా నవ్వు చెదరలేదు. సంచిలోంచి ఈసారి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. అదే క్షణంలో మల్టీమీటర్ కూసింది. నాలుగో క్యాబినెట్ వైపు తిప్పినా కూసింది, తొమ్మిదో క్యాబినెట్ వైపు తిప్పినా కూసింది.

సాయిబాబు దొంగదాన్ని పీకేసి బిగించిన మంచి మాడ్యూల్‌ని ఊడదీసి, ఆ జాగాలో ఇంకో దొంగని ఉమైరే, తన చేత్తో, క్లిక్‌మనేదాకా నొక్కి మరీ పెట్టాడు.

"నా కార్డుకి క్యాబినెట్‌ల చెయ్యిపెట్టే పర్మిషన్ లేదు మియా. మీ మేడమే మనిషిని పంపింది, మెహర్బానీ." మరీహా గడియారం చూసుకుంది. "ఎక్కువైన ప్రెషర్ వదిలే రిలీఫ్ వాల్వ్ కూడా మూసేయించిన. ఎనిమిది నిమిషాల్ల పేలుతది. బయట కారుంది, మేం పోతం."

తలుపు తెరుచుకుంది. చెవి తెగినవాడు కుంటుతూ వచ్చాడు. చేతిలో కొత్త షీల్డ్ వైరు.

ఉమైర్ ముందు వాడి మీదికే దూకాడు. కాలిన తొడ మీద మోకాలితో పొడిచాడు. వాడు అరుస్తూనే వైరు ఉమైర్ మెడకి చుట్టాడు. అల్లిక తీగ చర్మం కోసింది, కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. జలంధర్ పనిముట్ల పెట్టెలోంచి గునపం అందుకున్నాడు. మరీహా అతని వైపు తిరిగి కాల్చింది. తూటా అతని ఎడమ భుజం చీల్చుకుని పోయింది, నాలుగో క్యాబినెట్ మీద రక్తం చిమ్మింది.

"జలంధరన్నా! రెండూ పీకాలి!" ఉమైర్ గొంతులోంచి మాట గాలిలా వచ్చింది.

"ఒక్కటి పీకితే సాలు తమ్మి!" జలంధర్ పళ్ళ బిగువున అరిచాడు. "తీగ తెగితే సిస్టమ్ దాన్ని డేంజర్ కిందనే లెక్కేస్తది. మూడోది ఎప్పటిసంది మొత్తుకుంటనే ఉన్నది. రెండైతయి, ప్లాంట్ ఆగుతది!"

మరీహా అతని తలకి గురిపెట్టింది. ఉమైర్ కాలు గోడకున్న ఫైర్ సిలిండర్‌కి తగిలింది. దాన్ని తన్ని కింద పడేసి, పిన్ను లాగి, గొట్టం ఆమె మొహం మీదికి వదిలాడు. గదంతా తెల్లటి పొగ. మరీహా కేక వేసి, గుడ్డిగా మూడుసార్లు కాల్చింది. రెండు తూటాలు గోడకి పోయాయి. మూడోది ఉమైర్ వీపు వెనక మెత్తగా దిగిన చప్పుడైంది. మెడ మీది వైరు వదులైంది. చెవి తెగినవాడు గొంతు పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతుండగా కూలిపోయాడు.

ఉమైర్ పొగలోకి దూకి మరీహా మణికట్టు పట్టుకుని క్యాబినెట్ అంచుకేసి కొట్టాడు. ఎముక విరిగింది. పిస్టల్ జారింది. ఆమె ఎడంచేత్తో అతని కళ్ళు పీకబోయింది. తలతో ఒకే ఒక్క దెబ్బ కొట్టాడు. ఆమె స్పృహ తప్పి పడిపోయింది.

కాళ్ళ కింద నేల సన్నగా వణకడం మొదలైంది. బయట ఎక్కడో లోహం మూలిగింది.

జలంధర్ ఒంటిచేత్తో గునపం నాలుగో క్యాబినెట్ తలుపు సందులో దూర్చి వేలాడుతున్నాడు. ఉమైర్ కూడా పట్టుకున్నాడు. తాళం పటుక్కున తెగింది. స్క్రూలు విప్పే టైం లేదు. జలంధర్ మాడ్యూల్‌ని నెత్తుటి చేత్తో పట్టుకున్నాడు.

"సాయిగా, ఇది నీది రా!" అని మొత్తం బలంతో లాగాడు.

మాడ్యూల్ తీగలతో సహా ఊడి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తర్వాత ప్లాంట్ నలుమూలలా వాల్వులు ధబధబా మూసుకున్నాయి, సైరన్లు మోగాయి, మిగిలిన గ్యాస్‌ని కాల్చేసే ఎత్తైన ఫ్లేర్ గొట్టం మీద నుంచి మంట ఆకాశంలోకి లేచింది. క్యాంపులో డ్యూటీ దిగి పడుకున్నవాళ్ళు తిట్టుకుంటూ బయటికొచ్చి, ఆ మంటని ఫోన్లలో వీడియో తీసుకున్నారు. నేల వణుకు ఆగిపోయింది.

జలంధర్ గోడకి జారగిలబడ్డాడు. చచ్చిపడున్న చెవి తెగినవాడి వైపు చూశాడు. "నాకొక్క దెబ్బ ఉంచమంటి గదా, తమ్మి."

ఉమైర్ అతని భుజం గట్టిగా అదిమిపట్టి నెత్తురు ఆపుతూ ఉండిపోయాడు. సాయిబాబు మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నాలుగో రోజు హాస్పిటల్‌కి సుభాషిణి వచ్చింది. మరీహా నోరు విప్పిందనీ, కోబాల్ట్ మనుషులు ఏడుగురు దొరికారనీ చెప్పింది. ఆమెని నమ్మింది తనేననీ, ఆ తప్పు తన ఫైల్లో తనే రాసుకున్నాననీ చెప్పింది. తర్వాత ప్లాంట్ సేఫ్టీ ఆఫీసు నుంచి వచ్చిన కవరు మంచం మీద పెట్టింది.

జలంధర్ ఒంటిచేత్తో విప్పి, కూడబలుక్కుని చదివాడు. స్క్రూలు విప్పకుండా, లూప్ బైపాస్ చేయకుండా, రాతపూర్వక అనుమతి లేకుండా మాడ్యూల్ పీకినందుకు జలంధర్‌కీ, హుస్సేన్‌కీ మొదటి హెచ్చరిక. మూడు రోజుల్లో వచ్చి సంతకం పెట్టాలి.

"నేనైతే పెడత తమ్మి," అన్నాడు జలంధర్ కాగితం మడుస్తూ. "హుస్సేన్‌ను యాడికెల్లి తెస్తవో నువ్వే సూస్కో."