మింగేసిన గుక్కలు

తెల్లారినా పసివాడి ఏడుపు ఆగలేదు. అత్తగారు వాణ్ణి భుజాన వేసుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతోంది. కోడలు జడ ముడేసుకుంటూ వచ్చి చేతులు చాపింది.

"పాలిచ్చావుగా, వెళ్ళు. నీ పనికి ఆలస్యమవుతుంది" అంది ఆవిడ, మొహం చూడకుండానే.

ఆ పూటకి ఆ ఇంట్లో మాటలు అంతే.

కోడలి భర్త లారీ డ్రైవరు. ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. బిడ్డ పుట్టాక ఆమెకు లోకమంటే నాలుగు గోడలూ, ఆరేసిన పొత్తిగుడ్డలూ. వీధి చివరి కాఫీ షాపు అద్దం మీద 'పని నేర్పుతాం' అన్న కాగితం చూసి, చదువు సగంలో ఆపేసిన దాన్ని నన్నెవరు తీసుకుంటారులే అనుకుంటూనే లోపలికి వెళ్ళింది. తీసుకున్నారు. చెయ్యి తిరిగితేనే ఉంచుకుంటామన్నారు.

పాలు ఆవిరితో నురగ పట్టించడం తొందరగానే వచ్చింది. కష్టమల్లా రుచి చూడటమే. షాపు తెరవకముందే చిక్కటి కాఫీ దింపి గుక్క నోట్లో పోసుకోవాలి. పుల్లగా ఉంటే పొడి ఇంకా మెత్తగా ఆడించాలి, చేదెక్కితే కాస్త బరకగా. కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చూడాలి.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి పసివాడు కళ్ళు పెద్దవి చేసుకుని అత్తగారి ఒళ్ళో తన్నుకుంటున్నాడు.

"డాక్టరమ్మకి చూపించా" అంది అత్తగారు. "తల్లి కాఫీ ఎక్కువ తాగితే పాలల్లో బిడ్డకీ దిగి నిద్ర పట్టదట, తాగుతోందా అని అడిగింది. మా కోడలు తాగదమ్మా, జనానికి పోస్తుందంతే అన్నాను. తాగుతున్నావా?"

"రుచి చూసి ఉమ్మెయ్యమనే షాపులో చెప్పారు అత్తయ్యా. నలుగురి ముందు ఉమ్మడానికి సిగ్గేసి... మింగేశాను."

"ఎన్ని గుక్కలు?"

"లెక్కపెట్టలేదు."

"అయ్యో రాత! అంటే నీతోపాటు వీడూ డ్యూటీ చేస్తున్నాడన్నమాట! పైన నేనొకదాన్ని, జీతం లేని కాపలా. రేపట్నుంచి మానెయ్."

"మానను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వేసింది.

"బిడ్డకంటే ఎక్కువా నీకది?"

"కాదత్తయ్యా. వాడికేమన్నా అవుతుందేమోనని నాకూ కాలూచెయ్యీ ఆడట్లేదు. కానీ అక్కడ ఎవరో ఒకరు 'ఎలా ఉన్నావమ్మా' అంటారు. ఇక్కడ పాలిచ్చావా, గుడ్డలు తీశావా... మీరు నన్నడిగేదంతా వాడి గురించే. వాడు పుట్టాక నేనొకదాన్ని ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?"

అత్తగారు పసివాణ్ణి చాప మీద పడుకోబెట్టి వంటింట్లోకి నడిచింది. గ్లాసు పెట్టిన చప్పుడు, కుళాయి చప్పుడు. కోపంతో గిన్నెలు తోముతోందేమో అనుకుంది కోడలు.

"ఇలా రా."

వెళ్తే నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. "పుక్కిలించి ఉమ్ము."

"ఇప్పుడా?"

"నా ముందు సిగ్గుపడకుండా ఉమ్మితే రేపు షాపులో వాళ్ళ ముందూ సిగ్గుపడవు. ఊఁ."

ఆమె ఉమ్మింది. సగం నీళ్ళు గడ్డం మీద కారాయి.

"అలా కాదే, నోరు సున్నాలా చుట్టు!" ఆవిడ కొంగు బిగించి, తనూ ఒక గుక్క పోసుకుని సింకులోకి తుపుక్కున ఉమ్మింది. కోడలికి నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. ఇద్దరూ వంతులేసుకుని మళ్ళీ మళ్ళీ ఉమ్మారు.

నవ్వు తగ్గాక అత్తగారు మూతి తుడుచుకుంది. "నాక్కూడా ఈ ఇంట్లో మాట్లాడే దిక్కు లేదే. నువ్వొచ్చావు, నీతో ఏం మాట్లాడాలో తెలియక వాడి సంగతే అడుగుతూ వచ్చాను."

చాప మీద నుంచి పసివాడి కేరింత వినిపించింది.

"ఇంతకీ ఆ కాఫీ ఎలా ఉంటుందే?"

చెబుదామని నోరు తెరిచింది కోడలు. కన్నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

ఆవిడ గోడకి ఆనుకుని కింద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"వాడెలాగూ పడుకోడు. మెల్లగా చెప్పు, వింటాను."