పూర్తి వాక్యం

"గేటు మూసినంక లోపట పిల్లకు ఏమన్న అయితే మనకెట్ల తెలుస్తదిరా?"

అఖిలకు కొత్త బడిలో సీటు వచ్చిందని మా తమ్ముడు ప్రశాంత్ ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. వాడు నవ్వాడు.

"అక్కా, మూడు వందల మంది చిట్టీలేస్తే నలభై మందికి పేరొచ్చింది. అందరు సంబురపడుతున్నరు. నువ్వు గేటు కాడనే ఆగినవ్."

నేనంతే. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను. మా ఆయన భూమేష్ మస్కట్ నుంచి రెండు రోజులు ఫోన్ చేయకపోతే నాకు అన్నం దిగదు. ఇంట్లో నేను, నా కూతురు అఖిల, మోటర్ వైండింగ్ దుకాణం నడిపే ప్రశాంత్. అమ్మ పోయినప్పటి నుంచి వాణ్ణి నేనే సాకాను. అందుకని వాడి భయం కూడా నాదే.

నిజామాబాద్‌లో మా గల్లీకి దగ్గర్లో ఉన్న పాత మున్సిపాలిటీ బడిని ఒక ట్రస్టుకు నడపమని ఇచ్చారు. ఫీజు లేదు. చిట్టీలు తీసి సీట్లు ఇస్తారు. టీచర్లను ట్రస్టు వాళ్ళే పెట్టుకుంటారు, వాళ్ళే తీసేస్తారు. పొద్దున ఏడూ నలభై ఐదుకు గేటు పడుతుంది. ఇంకొక నియమం ఏమిటంటే, పిల్లలు ఏం చెప్పినా పూర్తి వాక్యంలో చెప్పాలి. ముక్క మాటలు చెబితే టీచర్ మళ్ళీ చెప్పమంటుంది.

మొదటి రోజే వాన. బండి మీద ముగ్గురం తడుసుకుంటూ వెళ్ళేసరికి గేటు మూసి ఉంది. లోపల గొడుగు పట్టుకుని ఒక సన్నటి పిల్ల నిలబడింది. చున్నీ అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది.

"రెండు నిమిషాలు లేటండి," అంది.

"వాన పడుతున్నది మేడం. కనవడ్తలేదా?" అన్నాడు ప్రశాంత్.

"వాన అందరికీ పడింది. ముప్పై తొమ్మిది మంది టైముకొచ్చారు."

"మీరు ఆంధ్రోళ్ళా?"

"బోధన్. మా తాత అక్కడ చెరకు వేసే నాటికి మీరు పుట్టలేదు."

"మీరు పుట్టిండ్రా మరి?"

అఖిల కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుని గేటు సందు తెరిచి, అఖిలను ఒక్కదాన్నే లోపలికి లాక్కుంది. మా వాడు తడుస్తూ అక్కడే నిలబడ్డాడు. "నడువురా, సర్ది వడ్తది," అని నేను గుంజితే గాని కదలలేదు.

ఆమె పేరు లాస్య, అఖిల క్లాసు టీచర్. వాళ్ళ నాన్న రత్తయ్య గారికి బోధన్ పక్కన కాలువ కింద పొలం ఉంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు మాని వరి వేస్తున్నారు.

ఎనిమిదింటికి గాని లేవని ప్రశాంత్ ఆరింటికే లేచి తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. వీడికి ఏం రోగమొచ్చిందా అని నేను నుదురు పట్టుకుని చూశాను. సంగతి అఖిల మోసుకొచ్చింది.

"అమ్మా, టీచర్ ఇవ్వాల మామను అడిగింది. 'రోజూ సరిగ్గా ఏడూ నలభై ఆరుకే వస్తారేంటండి' అని."

"మామ ఏమన్నడు?"

"'నలభైకి వస్తె మీరు గేటు కాడ ఉండరు గద' అన్నడు."

పిల్లల ఇళ్ళు చూడాలని ఒకసారి లాస్య మా ఇంటికొచ్చింది. నన్ను వదినా అంది. చాయ్ పెడుతూనే వాళ్ళిద్దరి కొట్లాట వింటున్నాను.

"మీ బడి జైలు లెక్కున్నది," అన్నాడు వాడు.

"అఖిల ఇదివరకు చదివిన సర్కారు బడిలో మూడు తరగతులకు ఒక్క సారు. ఆయన రాకపోతే పిల్లలకూ సెలవే. అది నయమా?"

"గా సారును తీసేయాల్నంటే సర్కారు దిగిరావాలె. మిమ్మల్ని తీసేయాల్నంటే ఒక్క ఫోన్ సాలు."

లాస్య గ్లాసు కింద పెట్టింది. "అది మాత్రం నిజం," అంది.

గెలిచినవాడు అంత దిగులుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ బడి నా పిల్లను మార్చింది, అబద్ధం చెప్పను. చుట్టాలొస్తే తలుపు చాటున నక్కే పిల్ల, ఒకరోజు గ్యాస్ బండ తెచ్చినతని ఎదురుగా నిలబడి, "అంకుల్, మా అమ్మ స్నానం చేస్తున్నది, మీరు పది నిమిషాలు ఆగాలి," అంది. నేను లోపల నీళ్ళు పోసుకుంటూ విని ఏడ్చాను. మరుక్షణమే ఎవరి దిష్టి తగులుతుందో అని భయపడ్డాను.

సెప్టెంబర్‌లో ప్రశాంత్ అడిగాడు. "అక్కా, లాస్యను చేసుకుంట. నీకిష్టమేనా?"

"వాళ్ళ తీరు వేరే, మన తీరు వేరే. దసరా పోనీ, చెప్త," అన్నాను.

ఆ వారమే జరిగింది.

ఆ రోజు నేనే ఆలస్యంగా లేచాను. ఇడ్లీ ఇంకా ఉడకలేదు. గేటు పడుతుందని భయం. "ఇంటర్వెల్‌ల తిందువు తియ్, ఉరుకు," అని డబ్బా చేతికిచ్చి పిల్లను ఖాళీ కడుపుతో పంపాను. రాత్రి కూడా సరిగ్గా తినలేదు. అది నాకు తెలుసు.

మిగతాది అఖిల ఆస్పత్రి మంచం మీద చెప్పింది. ట్రస్టు పెద్దలు చూడ్డానికి వచ్చి క్లాసులో వెనక కూర్చున్నారట. లాస్య ఏ ఊర్లో ఏం వస్తుందో అడుగుతోందట. ఏర్గట్లలో? పసుపు. బోధన్‌లో? అఖిల అప్పుడే లేచి నిలబడిందట.

"నాకు కండ్లు మసకలైనయమ్మా. 'టీచర్, చక్కరొస్తుంది' అన్న. టీచర్ 'గుడ్' అన్నది. మళ్ళ అన్న. 'పూర్తి వాక్యంలో చెప్పు' అన్నది."

మా దగ్గర తల తిరిగితే చక్కర్ వస్తుందంటాం. ప్రశాంత్ ఒక్కసారి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది.

పిల్ల పూర్తి వాక్యం కోసం వెతుక్కుంటూనే పడిపోయింది. తల బెంచీ అంచుకు తగిలింది. ఎముక చిట్లింది. ఎడమ చెవికి ఇక వినపడదని డాక్టర్ చెప్పాడు. పొద్దున ఏం తిన్నదని అడిగితే, "ఇడ్లి," అన్నాను.

బడి వాళ్ళు ఒక కాగితం తెచ్చారు. ఆడుకునేటప్పుడు పరుగెత్తి పడిపోయిందని రాసి ఉంది. తల్లి సంతకానికి ఒక గీత, క్లాసు టీచర్ సంతకానికి ఒక గీత. నేను పెట్టలేదు. లాస్య పెట్టిందో లేదో తెలియదు. ఆమె ఆస్పత్రికి రాలేదు. ప్రశాంత్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

"మాట పొరపాటక్కా," అన్నాడు వాడు. "బోధన్ గురించి అడిగినప్పుడు చక్కరంటే ఎవలైనా చక్కెరనే అనుకుంటరు."

"ఒకసారి అనుకుంటరు. బోధన్ల పెరిగిన పిల్లకు రెండోసారి సుత తెల్వలేదా? పిల్ల మొఖం సూడలేదా?"

వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు నన్నొక మాట అడిగినవు గద. గా పిల్లొచ్చి నా ముంగట కూసుండి జరిగింది జెప్పాలె. అప్పుడే నీకు నా జవాబు."

తర్వాత వాడు ఆమె మాట ఎత్తలేదు. ఆరింటికి లేవడం మాత్రం మానలేదు. లేచి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు.

పక్కింటి శిరీష వచ్చి, "వచ్చే యేడు మా పిల్లకు గా బడిల చిట్టీ వేయాల్నా అక్కా?" అని అడిగింది. ఏం చెప్పను? వేయమంటే నా పిల్ల చెవి గుర్తొస్తుంది. వద్దంటే గ్యాస్ అతనితో మాట్లాడిన మాట గుర్తొస్తుంది. మునుపటి సర్కారు బడిలోనే ఉంటే నా పిల్ల నిలబడేది కాదు, పడేదీ కాదు. నిలబడకుండా ఎన్నాళ్ళుంటుంది? "నన్నడుగకు," అన్నాను. అఖిల మాత్రం కట్టు విప్పిన మర్నాడే, నేను మళ్ళీ అదే బడికి పోతానంది. నా గుండె రాయి చేసుకుని పంపుతున్నాను. గేటు పడ్డాక గంటసేపు అక్కడే నిలబడుతున్నాను.

నలభై రోజులకు, ఒక ముసురు సాయంత్రం లాస్య వచ్చింది. చిక్కిపోయింది. ప్రశాంత్ లేచి కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"కాగితం మీద నేను సంతకం పెట్టలేదు వదినా. ఆ సాయంత్రమే రేపటి నుంచి రావద్దన్నారు," అంది.

"ఫోనన్న ఎత్తకపోతివి," అన్నాడు ప్రశాంత్ మెల్లగా.

"ఎత్తితే మీరు నన్ను వెనకేసుకొస్తారు. పొరపాటేలే అంటారు. అదే సులువనిపించి నేనూ ఔనంటాను. అందుకే ఎత్తలేదు."

నేను అప్పుడు అడిగాను. "నీకు అర్థమైందా, కాలేదా?"

"మొదటిసారి కాలేదు." ఆమె చేతులు చున్నీని మెలిపెడుతున్నాయి. "రెండోసారి అయింది. దాని పెదాలు తెల్లబడ్డాయి. వెనక పెద్దవాళ్ళు రాసుకుంటున్నారు. ఒక్క వాక్యం చెప్పించి కూర్చోబెడదాం, అంతేగా అనుకున్నాను. తెలిసే నిలబెట్టాను వదినా."

ప్రశాంత్ కళ్ళు మూసుకున్నాడు. నలభై రోజులు వాడు పట్టుకుని వేలాడిన ఒక్క సాకు అలా పోయింది. వాడు ఆమె దగ్గర నుంచి జరిగిపోతాడేమో అనుకున్నాను. జరగలేదు.

"అక్కా, నేనడిగింది ఇప్పుడు సుత అడుగుతున్న," అన్నాడు. "ఇప్పుడే ఇంక ఎక్వ అడుగుతున్న."

నాకు కోపం రావాలి. చెంప పగలగొట్టాలని ఎన్ని రోజులు అనుకున్నానో. ఒక్క సంతకంతో ఆమె ఆ కాగితం మీద తప్పించుకునేది, ఉద్యోగం ఉండేది, మా వాడు ఉండేవాడు. నేను డాక్టర్ ముందు ఒక్క మాటతోనే తప్పించుకున్నాను. నన్నెవరూ నిలదీయలేదు, తల్లిని కదా.

బయట చూరు నీళ్ళు పడుతున్నాయి. లోపలి గదిలో అఖిల పాఠం చదువుకుంటోంది, తన గొంతు తనకు సరిగ్గా వినపడక పెద్దగా. లాస్య ఆ గది వైపు చూసి, "వస్తానండి," అని చెప్పుల వైపు తిరిగింది.

"ఆగు," అన్నాను. "గా పొద్దు నేను పిల్లకు తిండి పెట్టకుంట పంపిన. డాక్టర్ అడిగితే పెట్టిన్నని చెప్పిన. గీ మాట నా తమ్మునికి సుత ఇప్పుడే తెలుస్తున్నది. మీ నాయినకు ఫోన్ జెయ్యి లాస్యా, ఆదివారం మేమే బోధన్‌కు వస్తం. నీ సంగతి నువ్వు జెప్పు, నా సంగతి నేను జెప్త. అన్నీ యిన్నంక ఆయన సరేనంటే, నాకిష్టమే."